ఎలుగుగుండ్ల దొన

మార్చి 9

నాయనతో మళ్లీ గొడవ. పని ఎగ్గొట్టి గుట్టల్లో పడుకుంటానంటే ఏ తండ్రి ఊరుకుంటాడు, నిజమే. అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. మగ్గం గుంటలోంచి తల కూడా ఎత్తకుండా, ఆ గుండ్లలో ఏముందని అడిగాడు. ఏమీ లేదు, అందుకే పోతున్నా అన్నాను. ఏమీ లేని చోటికి పోవడానికి అంత పెద్ద సంచి ఎందుకన్నాడు. చెల్లెలు రజిని నూలు కండెలు చుడుతూ నవ్వింది. అన్నం ముందు నుంచి లేచి బయటికొచ్చేశాను.

ఇప్పుడు ఆకలి.

మార్చి 11

రాసుకోకపోతే తల పగిలేలా ఉంది.

ముప్పై రెండు పేజీల చిన్న పుస్తకం ఒకటి ధ్రువ ఇచ్చాడు. ఆదోనిలో డిగ్రీ చదివినప్పుడు ఇద్దరిదీ ఒకే బెంచి. వాడు ఫైనలియర్ పాసయ్యాడు, నేను లెక్చరర్‌తో గొడవపడి మానేశాను. వాడిప్పుడు బెంగళూరులో ఉద్యోగం, శని ఆదివారాలు ట్రెక్కులు. పుస్తకం వాళ్ల గ్రూపు వేసింది. తొమ్మిది సార్లు చదివాను. దారి లేని, కుళాయి లేని, బోర్డు లేని చోటికి మనిషి పోవాలి. తన బరువు తనే మోయాలి. ఎవరి సాయమూ అడగకూడదు. వచ్చిన జాడ మిగల్చకూడదు.

మా వీధిలో వాళ్లకు ఇది చెప్తే ఎక్కదు. ఎమ్మిగనూరులో పుట్టినవాడికి ఒక్కడే ఉండటం అంటే జ్వరం వచ్చి పడుకోవడమే. ఒక పడుగుకు గంజి పెట్టాలంటే పొద్దున్నే వీధిలోకి ఎనిమిది మంది దిగాలి. ఒకరు లాగాలి, ఒకరు పట్టాలి, ఇద్దరు కుంచె తోయాలి, తెగిన పోగు కలపడానికి పక్కింటి వాళ్లు. నీ పడుగుకు వాళ్లు వస్తారు, వాళ్ల పడుగుకు నువ్వు పోవాలి. పుట్టినప్పటి నుంచీ ఇదే. నాకు ఊపిరాడదు.

ఆదోని దాటి కౌతాళం వైపు పోతే ఎడమ పక్కన ఎలుగుగుండ్లు, ఎలుగుబంట్లు తిరిగే రాళ్లగుట్ట. చిన్నప్పటి నుంచీ బస్సులోంచి చూస్తున్నా. గుడి లేదు, మెట్లు లేవు, సెల్ఫీ పాయింట్ లేదు. ధ్రువ వాళ్లు ఇలాంటి చోట్లనే వెతుకుతున్నారు. నేను ముందు ఒక్కడినే ఉండి వచ్చి రిపోర్టు రాస్తే అక్కడ క్యాంప్ పెడతారట. నడిపించేది నేనట.

నేను. మగ్గం గుంటలోంచి.

మార్చి 14

టెంట్ కొనను. కొన్న టెంట్ కూడా ఇంకొకరి సాయమే.

నిన్న మగ్గం మీద నుంచి కోసిన ముతక గుడ్డ ఉంది, తొమ్మిది గజాలు. నేను నేసిందే. అదే టెంట్. అమ్మ ఒకసారి నీళ్లలో వేసి తీసి ఇస్తానంది. వద్దన్నాను. గంజి ఉంటేనే బిగువు, అట్టలా నిలబడుతుంది. అమ్మ ఏదో అనబోయి ఆగింది. అన్నా విననని ఆమెకు తెలుసు.

మార్చి 21, మధ్యాహ్నం 12.10

బస్సు దిగి ఆరు కిలోమీటర్లు. పత్తి ఏరేసిన చేలు, ఎండిన కట్టె. భుజాలు ఒరుసుకుపోయాయి. దారిలో ఒకాయన బండి ఆపి ఎక్కమన్నాడు. ఎక్కలేదు. పిచ్చోడు అనుకుని ఉంటాడు. అనుకోనీ.

దగ్గరికొస్తే గుండ్లు కండెలు కుప్ప పోసినట్టున్నాయి. ఒక్కొక్కటి మా ఇల్లంత. ఫోన్ స్విచాఫ్ చేశాను. ఎనిమిది లీటర్ల నీళ్లు, అటుకులు, బెల్లం, వేయించిన శెనగలు. చాలు.

సాయంత్రం 6.20

చీమలు. ఎర్రవి, నల్లవి, తలకాయ పెద్దవి. టెంట్ మీద, లోపల, నా చొక్కాలో.

గంజి అంటే అన్నం. తొమ్మిది గజాల అన్నం తెచ్చి అడవిలో పరిచి దాని కింద పడుకున్నాను. తొమ్మిది సార్లు చదివిన పుస్తకంలో ఈ ముక్క లేదు. రాసిన వాళ్లకు నైలాన్ టెంట్లు కదా.

మార్చి 22, సాయంత్రం

దొన దొరికింది! ఉదయం నీళ్లు సగానికి వచ్చేసరికి వెతుకుతూ పోయాను. రెండు గుండ్ల సందులో, రాతిలోనే తొలిచినట్టు గుంట. పైన పలకరాయి, పలక కింద ముళ్లకంప. కంప గాలికి కొట్టుకొచ్చి ఉంటుంది. పలకను రెండు కాళ్లతో తన్నితే జారి కింది బండల్లోకి దొర్లింది. లోపల నల్లగా, చల్లగా నీళ్లు. యాభై బిందెలు ఉంటాయి. వెనక గోడలో సన్నటి పగులు, అందులోంచి ఊట. నేనే కనిపెట్టాను.

గుడ్డ తెచ్చి ముంచాను. సబ్బు వాడకూడదని పుస్తకంలో ఉంది, నేను వాడలేదు. గంజి బియ్యమే కదా, దోషమేముంది. మధ్యాహ్నం దాకా నానబెట్టి, తొక్కి, పిండి, మళ్లీ ముంచి. కొత్త గుడ్డకు గంజి వదలాలంటే మా అమ్మ చేసేది ఇదే. నీళ్లు తెల్లబడ్డాయి. దిగిపోతాయి.

గుడ్డ మెత్తగా అయ్యింది. ఒక్క చీమ లేదు. నా తంటా నేనే తీర్చుకున్నాను, ఒక్క మనిషిని అడగకుండా. గట్టిగా అరవాలనిపించింది. అరిచాను. గుండ్లు తిరిగి అరిచాయి.

మార్చి 24

ఇంటికొచ్చాను. నాయన నా ముఖం చూసి, ఎలుగులు నిన్ను చూసి ఊరు ఖాళీ చేసినాయా అన్నాడు. రిపోర్టు రాసి పంపాను. పేరు: మనిషి జాడ లేని మూడు పగళ్లు.

మార్చి 26

నాలుగు వందల పన్నెండు లైకులు.

మార్చి 28

ధ్రువ ఫోన్. ఏప్రిల్ 19, 20 క్యాంప్. పద్నాలుగు మంది. ఇద్దరు పుణె నుంచి. నీళ్ల సంగతి అడిగాడు. దొన ఉంది, పద్నాలుగు మందికీ సరిపోతుంది అన్నాను. నువ్వే లీడర్‌వి రా అన్నాడు. ఫోన్ పెట్టేశాక వీధి చివరిదాకా ఊరికే నడిచాను, వెనక్కి వచ్చాను, మళ్లీ నడిచాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఎగతాళి చేస్తారు.

ఏప్రిల్ 5

టెంట్లు ఎక్కడ వేయాలో గుర్తులు చూసుకుందామని ఎక్కాను.

దొన కనపడక ముందే వాసన. నిలబడిపోయాను. అది మా వీధి వాసన. నాలుగు రోజులు వదిలేసిన గంజి తొట్టి, పులిసి, నురుగు కట్టి. చుట్టూ మైళ్ల కొద్దీ రాయి, మధ్యలో మా వీధి.

ఒకామె చెంబుతో నీళ్లు తోడి పారబోస్తోంది. యాభై దాటి ఉంటాయి. వెనక బండల మధ్య రాతి గోడ పెట్టిన దొడ్డి, అందులో పదకొండు గొర్రెపిల్లలు, రెండు తల్లులు. మొన్న నేను ఆ గోడకు ఆనుకునే శెనగలు తిన్నాను. రాళ్లు అలా పడ్డాయనుకున్నాను.

పేరు హులిగమ్మ. మాటలో సగం కన్నడం. ఏటా ఎండాకాలం ఇదే ఆమె బతుకట. భర్త ఈరప్ప పెద్ద మందను తోలుకుని నది వైపు పోతాడు. నడవలేని పిల్లల్ని ఈమె ఇక్కడికి ఎక్కించి, వాన పడేదాకా ఈ దొన మీద బతికిస్తుంది. ఊట రాత్రికి ఒక బిందె. అందుకే చలికాలమంతా ముట్టుకోకుండా, కంప వేసి, పలక కప్పి, నిండనిస్తారు. ఆమెకు ముందు ఆమె అత్త. అత్తకు ముందు ఎవరో. ఈసారి పది రోజుల కిందట పిల్లలతో ఎక్కి చూస్తే పలక కింద పడి ఉంది, నీళ్లు ఇలా ఉన్నాయి. పిల్లలు మూతి పెట్టి వెనక్కి తీస్తున్నాయి. దప్పిక తాళలేక తాగిన రెండింటికి పారుడు, విరేచనాలు పట్టుకున్నాయి. ఒకటి నిన్న చచ్చిపోయింది. వచ్చే అమావాస్య లోపల నీళ్లు బాగుపడకపోతే అన్నింటినీ దించాలి. నది దాకా ఈ ఎండలో సగం కూడా చేరవు అంది. ఏడవలేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది.

ఎలుగు పిల్ల ఏదన్నా పడి అడుగున కుళ్లి ఉంటుందని ఆమె అనుమానం. తన చెయ్యి అందడం లేదట. నీ చెయ్యి పొడుగు, కొంచెం చూడప్పా అంది.

చొక్కా విప్పి పడుకుని, భుజం దాకా చెయ్యి పెట్టి దేవులాడాను. అడుగున జిగురు. మా గంజి జిగురు, వేళ్లకు తెలుస్తుంది. ఏమీ లేదన్నాను. బాగా చూడమంది. మళ్లీ దేవులాడాను. చాలాసేపు.

చెప్పలేదు. దిగి వచ్చేశాను.

ఏప్రిల్ 6

పొద్దుటి నుంచి ఆరు పోగులు తెంచాను.

ఏప్రిల్ 7

గ్రూపులో పద్నాలుగు మంది బూట్ల ఫోటోలు పెడుతున్నారు. ఒకామె దొన లోతు ఎంత, ఈత కొట్టొచ్చా అని అడిగింది. ధ్రువ నన్ను ట్యాగ్ చేశాడు. ఫోన్ గోడకేసి కొట్టబోయి మంచం మీదికి విసిరాను.

నాకు కోపం ఎవరి మీద? ఆ పుస్తకం మీద రాయాలని కూర్చున్నాను. సబ్బు వద్దన్నారు గానీ గంజి వద్దని ఎందుకు రాయలేదు? రాసి చదువుకుంటే నాకే సిగ్గేసింది. బెంగళూరులో కూర్చున్న వాడికి, అడవిలోకి అన్నం కట్టుకుని పోయేవాడు ఒకడు ఉంటాడని ఎలా తెలుస్తుంది.

ఏప్రిల్ 9

గంజి పులిసి పట్టేసిన తొట్టిని ఎలా కడగాలని నాయనను అడిగాను. మామూలుగా అడిగినట్టే అడిగాను. తడి మీద ఎంత రుద్దినా పోదట, ఇంకా పూసుకుంటుందట. నీళ్లన్నీ తీసేసి ఎండనివ్వాలి. బాగా ఎండితే పొరలా లేస్తుంది. అప్పుడు కుంచెతో ఊడ్చెయ్యాలి.

అంతా చెప్పి, మగ్గం ఆపాడు.

"ఆ గుడ్డ యాడ నానేసినావు?"

చెప్పాను. మొత్తం చెప్పాను. చచ్చిన పిల్ల సంగతి కూడా. అమ్మ పొయ్యి దగ్గర నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. నాయన లేచి, దూలానికి వేలాడే గంజి కుంచె దించి దుమ్ము దులిపాడు. నేనొక్కడినే పోతానన్నాను, తప్పు నాది, నేనే కడుగుతానన్నాను. గొంతు పెరిగింది. ఇంట్లో నాదే ఎప్పుడూ పెద్ద గొంతు.

"పెట్టేదానికి ఎనిమిది మంది కావాల. తీసేదానికి నువ్వొగనివే సాల్తావా?" అన్నాడు. కుంచెను గోనెసంచిలో చుట్టాడు.

ఏప్రిల్ 11, సాయంత్రం

నాయన జీవితంలో గుట్ట ఎక్కడం ఇదే మొదలట. ప్రతి బండ దగ్గరా కూర్చున్నాడు. మగ్గం తొక్కే కాళ్లు, ఎత్తుకు అలవాటు లేదు. పైకి చేరి దొడ్డినీ, పిల్లల్నీ, హులిగమ్మనీ చూశాడు. నా వైపు తిరిగి, "ఏమీ ల్యాని సోటంటివి. ఈయమ్మ ఈడనే ఉందే," అన్నాడు.

ఇక ఆపలేకపోయాను. ఆమె ఒక పిల్ల మూతి తుడుస్తోంది. ఈ వాసన నాదక్కా అన్నాను. నా గుడ్డ. గంజి. పలక తన్నింది కూడా నేనే.

తుడవడం ఆపలేదు. ఒకటే అడిగింది.

"మొన్న సెయ్యి పెట్టి దేవులాడితివే. ఏం దేవులాడితివప్పా?"

మొదటిసారి నాకు కోపం రాలేదు.

నాయన కల్పించుకుని మాది నేతపని, ఈ జిగురు మాకు తెలుసు, తీస్తాం అన్నాడు. పుస్తకం గురించి నేను ఏదో మొదలుపెట్టాను. నా బరువు నేను మోసుకునే వచ్చానని, ఎవరికీ భారం కాకూడదనే వచ్చానని. ఎందుకు చెప్పానో.

"నీకు కావాల్సింది నువ్వు మోసుకొస్తివి," అంది హులిగమ్మ. "పిల్లలు యాడనుంచి మోసుకొస్తాయి?"

ఏప్రిల్ 12

తోడేశాం. ముగ్గురం, చెంబు చేతులు మార్చుకుంటూ. అడుగు కనిపించేసరికి మధ్యాహ్నం. తెల్లటి జిగురు అరచేతి మందం.

ఎండాలంటే ఊట ఆగాలి. ఊట ఆగితే పిల్లలకు ఉన్న ఒక్క బిందె కూడా పోతుంది. నేను తల పట్టుకున్నాను. నాయన నా టెంట్ గుడ్డలోంచి మూరెడు చింపి, మెలిపెట్టి, ఒక కొస పగులులో కుక్కాడు. రెండో కొస కింద పెట్టిన బిందెలోకి. ఒక చుక్క. ఆగి ఇంకో చుక్క. గంజి వదిలిన గుడ్డ నీళ్లు బాగా పీలుస్తుందని నాకు చిన్నప్పుడే చెప్పాడట. నాకు గుర్తు లేదు.

హులిగమ్మ ఆ గుడ్డ అంచు వేళ్లతో పట్టుకుని చూసి, ఎవరు నేసినారని నాయననడిగింది. వీడే అన్నాడు. ఆమె అంచు వదిలేసింది.

ఏప్రిల్ 14

మూడు పగళ్ల ఎండ. పొర లేచింది. కాల్చిన అప్పడంలా, పట్టుకుంటే విరిగింది. నాయన కుంచె తోశాడు, నేను గోతం పట్టాను. గోతంలోకి ఎత్తిందంతా దూరంగా మోసుకెళ్లి బండల అవతల పోశాను. చీమలు అప్పుడే వచ్చేశాయి.

పగులులోంచి గుడ్డ తీసేశాం. ఊట దొనలోకి పడింది. ఖాళీ రాతిగుంటలో నీళ్ల చప్పుడు. నాయన నడుము పట్టుకుని దిగిపోయాడు. రేపు వీధిలో ఎవరిదో పడుగు ఉంది, మాట ఇచ్చాడట. నేను ఉండిపోయాను.

ఏప్రిల్ 15, ఉదయం 9.30

బస్టాపులో కూర్చుని గ్రూపులో పెట్టాను. మూడుసార్లు చెరిపి రాసింది ఇది: మనిషి జాడ లేదని రాశాను. అబద్ధం. కంప ఉంది, పలక ఉంది, దొడ్డి ఉంది. చూశాను, చూడలేదనుకున్నాను. దొన నేను కనిపెట్టింది కాదు, పాడు చేసింది. ఒక పిల్ల చచ్చింది. అక్కడ ఇప్పుడు మీకు నీళ్లు లేవు. రావద్దు.

మధ్యాహ్నం 1.00

రెండు వందల మెసేజీలు. పుణె వాళ్లు టికెట్ల గురించి. ఎవరో నన్ను హంతకుడన్నారు. ఎవరో చప్పట్లు పెట్టారు, అది ఇంకా అసహ్యం. తరువాత గ్రూపు కనిపించలేదు. నన్ను తీసేశారు.

ధ్రువ ఫోన్ చేశాడు. తిట్టలేదు. ఎలుగులు తిరుగుతున్నాయని ఒక్క మాట రాసి ఉంటే క్యాంపు వేరేచోటికి మార్చేవాళ్లం కదరా, నువ్వే నడిపించేవాడివి కదా అన్నాడు. నిజమే. అంత తేలిక. నాకెందుకు తట్టలేదు అని రెండు గంటలు ఆలోచించాను. తట్టి ఉంటే రాసేవాడినేమో. అది తలుచుకుంటే భయమేస్తోంది.

ఏప్రిల్ 20

క్యాంపు రోజు. బస్టాపు బోరింగు దగ్గర ఇరవై లీటర్ల క్యాన్ నింపి భుజాన వేసుకుని ఎక్కాను. రోజు మార్చి రోజు ఇదే. మిగతా రోజు మగ్గం.

దొనలో నీళ్లు తేటగా ఉన్నాయి. హులిగమ్మ తాగి చూసింది, బాగున్నాయంది. పిల్లలు మాత్రం తాగవు. అంచు దాకా వస్తాయి, వాసన చూస్తాయి, వెనక్కి పోతాయి. వాసన ఎక్కడుంది? నా ముక్కుకు లేదు. వాటికి ఉంది. నేను మోసిన క్యాన్ నీళ్లు పళ్లెంలో పోస్తే తాగుతాయి.

అమావాస్యకు ఏడు రోజులు. ఒక్క క్యాన్ మీద పదకొండు పిల్లలు ఎన్నాళ్లు బతుకుతాయి అని అడిగాను. నువ్వెన్నాళ్లు మోస్తావు అని ఆమె అడిగింది.

ఏప్రిల్ 24

దారిలో ఆ బండి ఆయన మళ్లీ ఆపాడు. క్యాన్ చూసి ఎక్కమన్నాడు. ఎక్కాను.

ఏప్రిల్ 27

అమావాస్య. పిల్లల్ని దించలేదు. క్యాన్లు రెండయ్యాయి, రెండోది రజిని మోసింది. దారంతా నన్ను తిట్టింది.

మే 4

పుస్తకం తీసి చదవబోయాను. నాలుగో పేజీ దాటలేకపోయాను. చింపుదామనుకున్నా. చింపలేదు. అందులో కొన్ని మాటలు ఇప్పటికీ నాకు నిజమే. వాటితో పోట్లాట అయిపోలేదు.

మే 11

చెవి మీద నల్లమచ్చ ఉన్న పిల్ల వంగి దొనలో తాగింది. దాని వెనక ఇంకోటి.

హులిగమ్మ నా వైపు చూడకుండా, పలక ఎత్తాల పట్టు అంది. యాభై రోజులుగా కిందే పడి ఉంది. తన్నినప్పుడు ఒక్కడి కాళ్లు చాలాయి. ఆమె ఒక అంచు, నేను ఒక అంచు. నాలుగుసార్లు దించి ఎత్తాం. కంప వేశాం, కప్పాం.

దప్పికైంది. తాగమని ఆమె అనలేదు. ఆరు కిలోమీటర్లు నడిచి బోరింగు దగ్గర తాగాను.